నల్లగుట్ట కిందికి ఒడిబియ్యం

నేను అమెరికా పోయొచ్చిన మనిషినని మా లక్డారంల ఇప్పటికీ చెప్పుకుంటరు. ఎవరింట్ల పెండ్లయినా కొత్త చుట్టాలకు నన్ను గట్లనే ఎరుక చేస్తరు, "ఈయన కంపెనీ ఖర్చుతోని అమెరికా పోయొచ్చిండు" అని. నేను మీసం దువ్వుకుంట ఊకుంట. ఎందుకు పంపిండ్రని ఇంతవరకు ఒక్కరు అడగలె. బాగ పనిచేసినందుకు పంపిండ్రనుకుంటరు, పాపం. ఇప్పుడు కొత్తగ డ్యూటీలకు ఎక్కిన మీరు "పెద్దాయనా, నీ అనుభవం చెప్పు" అంటున్నరు కాబట్టి చెప్పక తప్పుతలేదు. అనుభవం అంటే ఏందనుకున్నరు? చేసిన తప్పులే. రిటైరైనంక వాటికి ఇస్త్రీ చేసి ఆ పేరు పెట్టుకుంటం.

ముప్పై రెండేండ్లు పటాన్‌చెరుల ఒకటే ఫ్యాక్టరీల చేసిన. నీళ్లు ఎత్తిపోసే పంపులు చేసే ఫ్యాక్టరీ. నాది అసెంబ్లీ సెక్షన్. పోత పోసినయి, కోసినయి, నున్నగ చేసినయి అన్ని ముక్కలు నా దగ్గరికొస్తే, వాటిని జోడించి పంపును నిలబెట్టుడు నా పని. నాకు పని నేర్పిన ఉస్తాద్‌ది చిట్కుల్ ఊరు. బేరింగ్ మీద అరచెయ్యి పెట్టి వేడి ఎంతున్నదో చెప్పేటోడు, తర్వాత మీటర్ పెట్టి చూస్తే అదే ఉండేది. కోపమొస్తే పానా ఇసిరేటోడు. ముప్పై ఏండ్లల్ల ఒక్కసారి కూడ ఎవ్వనికీ తగలనియ్యలె, అది కూడ ఒక పనితనమే.

మా సెక్షన్‌ల ఆ ఉస్తాద్ పెట్టిన ఆనవాయితీ ఒకటుండె. పంపు టెస్టింగ్ అయ్యి, రంగులేసుకొని, లారీ ఎక్కే ముంగట దానికి ఒడిబియ్యం పోసేటోళ్లం. నవ్వకుండ్రి. ఆడబిడ్డ తల్లిగారింటి నుంచి అత్తగారింటికి పోయేటప్పుడు ఒడిల పోసి పంపుతం గద, గట్లనే. జాకెట్ ముక్కల పిడికెడు పసుపు బియ్యం, ఒక ఎండుకొబ్బరి కుడుక, రెండు పసుపు కొమ్ములు, రెండు వక్కలు ఏసి మూట కట్టి, పంపు నెత్తి మీద ఉండే కొక్కానికి తగిలిచ్చేటోళ్లం. "ఎక్కడనో ఎవరి పొలానికో పోయి పుట్టెడు చాకిరి చేస్తది రా ఇది. వట్టి ఒడితోని సాగనంపుతమా?" అనేటోడు ఉస్తాద్. అటు దిక్కున పంపు దించుకునేటోళ్లు కూడ మనోళ్లే కాబట్టి మూట చూడంగనే సమజైపోయేది. ఒకసారి కరీంనగర్ దిక్కు నుంచి ఒక రైతు ఫోన్ చేసి, "మీ బిడ్డ మంచిగ చేరింది, కాళ్లు కడిగి లోపలికి తీసుకపోయినం" అని చెప్పిండు. ఆ రోజు ఉస్తాద్ సెక్షన్ మొత్తానికి ఛాయ్ తాపిండు. ఆయన రిటైరైనంక ఆ మూట కట్టే పని నాకొచ్చింది.

ఇగ ఇంకొక మనిషి గురించి చెప్పాలె. టెస్టింగ్‌ల చేసే తమ్ముడు. నాకంటె పన్నెండేండ్లు చిన్నోడు. వాళ్లది చర్చికి పోయే కుటుంబం, వాళ్ల నాయిన సదాశివపేట దిక్కు బడిల సారు. పంపు నడిపిచ్చి చూసుడు, ఆఖరుకు చిన్న టార్చిలైటుతోని లోపలంత ఎతికి చూసుడు, కాగితం మీద సంతకం పెట్టుడు ఆయన పని. ఆ సంతకం లేంది పంపు గేటు దాటది. పని కాడ చండశాసనుడు. ఒక చిన్న ఇనుప రజను కనబడ్డా "అన్నా, మళ్ల ఇప్పు" అనేటోడు. నాకు మండేది. ఇద్దరం అరుసుకునేటోళ్లం, మళ్ల పన్నెండింటికి ఒకటే బల్ల మీద టిఫిన్లు ఇప్పుకునేటోళ్లం. మా ఒడిబియ్యం సంగతిల ఆయన చెయ్యి పెట్టలె, అట్లని ఒక్కనాడు ఎక్కిరియ్యలె. "అన్నా, బిడ్డ సాగనంపుడు అయ్యిందా? సంతకం పెట్టాల్నా?" అని అడిగేటోడు, గంతే.

ఆ సంవత్సరం ఫ్యాక్టరీ పరిస్థితి బాగలేకుండె. మూడు షిఫ్టులు ఒకటే షిఫ్ట్ అయ్యింది. బిహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన పిల్లలు సగం మంది సామాన్లు సదురుకొని పోయిండ్రు. గట్ల పరేషాన్‌ల ఉన్నప్పుడు అమెరికా నుంచి ఒక ఆర్డరొచ్చింది. పదిహేను పంపులు. ముందుగాల మూడు పంపాలె, అవి మంచిగ నడిస్తే మిగిలిన పన్నెండు. ఊరి పేరు టూసాన్. పెట్టె మీద ఇంగ్లీషుల రాసింది చూసి మేమందరం టక్సన్, టక్సన్ అనేటోళ్లం. ఏడున్నదంటే నైరుతి దిక్కున, ఎడారిల అని చెప్పిండు మేనేజర్ సారు. ఎడారిల పంపు ఏం చేస్తదని నేనడిగితే, "మీరు బిగించండి, వాళ్లు చూసుకుంటారు" అన్నడు.

పంపే రోజు తనిఖీకి బయట నుంచి ఒక ఇన్‌స్పెక్టర్ వచ్చిండు. కొక్కేలకు తగిలిచ్చిన మూడు మూటలు చూసిండు. "ఏంటిది? బయట రంగు తప్ప ఇంకేమీ కనబడకూడదు, తీసెయ్యండి" అన్నడు. తీసేసిన. లోపల కుతకుత ఉడుకుతున్న. ఇన్నేండ్లల్ల పక్క ఊరికి పోయేదానికి కూడ పోసినం, ఏడు సముద్రాల అవుతలికి పోయే బిడ్డను వట్టి ఒడితోని పంపాల్నా? తమ్ముడు ఇన్‌స్పెక్టర్ ఎనుక ఫైళ్లు పట్టుకొని ఉరుకుతున్నడు. నా దగ్గరికొచ్చి, "అన్నా, లోపల చూసుడు ఒక్కటే మిగిలింది" అన్నడు. "నేను చూసిన, సాఫ్‌గ ఉంది, నువ్వు పెట్టు సంతకం" అన్న. నేను చెప్పిన గదా అని పెట్టిండు. చూడకుంట ఆయన సంతకం పెట్టింది నాకు తెలిసి గదొక్కనాడే.

ఆయన అటు పోంగనే మూడు మూటలు మూడు పంపుల లోపల పెట్టిన. నీళ్లు పీల్చే మూతి ఉంటది గద, అండ్లకు. మళ్ల ఆ ఇన్‌స్పెక్టర్‌కు కనబడొద్దని చెయ్యి మోచేతి దాక పెట్టి లోపలికి నెట్టిన. పైన రేకు మూత పెట్టి బోల్టులు బిగిచ్చిన. మూత మీద "లోపల మూట ఉన్నది, తియ్యండి" అని ఇంగ్లీషుల రాయించాలె అనుకున్న. గంతల ఛాయ్ వచ్చింది. అటెనుక మేనేజర్ సారు పిలిచిండు. అటెనుక కంటైనర్ కదిలింది. నేను మర్చిపోయిన.

నాలుగు నెలలకు అటు దిక్కు నుంచి కబురొచ్చింది. మొదటి పంపు చాలు చేసి నడిపిస్తే గడగడ వణికిందంట, నీళ్లు సగం కూడ రాలేదంట, గంట లోపట్నే బంద్ పెట్టిండ్రంట. కారణం తెలిసేదాక మిగిలిన రెండు చాలు చెయ్యం, పన్నెండు పంపుల మాట తర్వాత అన్నరు. మేనేజర్ సారు ముఖం నల్లగైంది. తమ్మునికి మెమో ఇచ్చిండు. టెస్ట్ సరిగ్గ చెయ్యకుంట సంతకం పెట్టినట్టు తేలితే ఉద్యోగం పోయినట్టే అని కాగితం మీదనే రాసిండు.

మీరు అడగొచ్చు, మూటలు నీకు గుర్తు రాలేదా అని. వచ్చినయి. అబద్ధమెందుకు? మెమో మాట ఇన్నప్పుడే గుర్తొచ్చినయి. కానీ మనసు చానా చాలాకి గద. పైపు జోడిచ్చేటప్పుడు మూత తీస్తరు, తీస్తే మూట కనబడుతది, తీసి పారేసి ఉంటరు, ఇది వేరే సంగతి అయ్యుంటది, అని నాకు నేనే సర్ది చెప్పుకున్న. పంపు బిగిచ్చింది నేనే కాబట్టి, ఎన్నడో సౌదీ పోదామని చేయించుకున్న పాస్‌పోర్టు నా తాన ఉన్నది కాబట్టి, నన్నే పొమ్మన్నరు. బయల్దేరేనాడు తమ్ముడు గేటు దాక వచ్చిండు. ఆయన మనిషి సగమైండు. జేబుల నుంచి టార్చిలైటు తీసి నా చేతుల పెట్టిండు. "అన్నా, నా రీడింగులన్ని సక్కగున్నయి. లోపల ఏదో ఉన్నది. జెర మంచిగ చూడు, నా కోసం" అన్నడు. నాకు ఆయన కండ్లల్లకు చూసే ధైర్యం లేకపోయింది.

టూసాన్‌ల దిగినప్పుడు ఎండ మన రోహిణి కార్తెను మించి ఉన్నది. ఎటు చూసినా జెముడు చెట్లు, ఒక్కొక్కటి తాటిచెట్టంత, ట్రాఫిక్ పోలీసోని లెక్క చేతులెత్తి నిలబడ్డయి. ఊరి బయట దక్షిణం దిక్కున అక్రోటు లెక్క గట్టి పెంకు కాయల పెద్ద తోట, మన పంపులు ఆడ. బోర్లతోని నీళ్లు తోడి ఒక పెద్ద తొట్టి నింపుతరు, తొట్టి నుంచి తోటంతటికి నీళ్లు తోసేది మన పంపులు. తోట ఇంజనీరు ఒకామె, ముప్పై ఐదేండ్లుంటయి, మాట తక్కువ. నాకు తోడు ఒక పెద్దాయనను ఇచ్చింది. అరవై దాటిన మెకానిక్, మన లెక్కనే నల్లటి మనిషి, లావు చేతులు. ఆ గడ్డ మీద ముందు నుంచి ఉన్నోళ్లల్ల మనిషి. తోహోనో ఓఓధమ్ అంటరంట వాళ్లను, ఎడారి మనుషులని అర్థమంట. ఆయన ఇంగ్లీషు నిదానంగ మాట్లాడుతడు, నాది ఫ్యాక్టరీ ఇంగ్లీషు. పానాలు పట్టుకున్నోళ్లకు అంతకంటె ఎక్కువ భాష అక్కర లేదు.

మర్నాడు పొద్దుగాల ఇద్దరం మొదటి పంపు ఇప్పినం. తమ్ముని టార్చిలైటు లోపలికి కొట్టిన. లోపల తిరిగే చక్రం ఉంటది గద, దాని రెక్కల నడుమ పచ్చగ ఏదో కనబడ్డది. చెయ్యి పెట్టి గుంజిన. చిరిగి తాడు లెక్కయిన జాకెట్ ముక్క. దాని ఎనుక ఒక పసుపు కొమ్ము, సగం చితికిన వక్క, కుడుక పెచ్చు. నేను కట్టిన ముడి ఇంక గట్లనే ఉన్నది. మూత తీసినోళ్లు మూతి దగ్గరనే చూసిండ్రు, నేను మోచేతి దాక నెట్టిన గద, వాళ్లకేం కనబడుతది?

ఏం చేసిననో తెలుసా? జేబుల పెట్టుకున్న. అంత పెద్ద మనిషిని, ఇరవై ఎనిమిదేండ్ల సర్వీసు, దొంగ పిలగాని లెక్క జేబుల కుక్కుకున్న. పెద్దాయన చూసిండు. తుడుచుకునేటందుకు గుడ్డ ఇచ్చిండు, అంతే. నా బుర్ర గిర్రున తిరుగుతున్నది. ఈ సంగతి ఎవ్వలకు తెల్వకపోతే నేను బతికిపోత. చక్రం బ్యాలెన్స్ తప్పింది, సరి చేసిన అని రిపోర్ట్ రాయొచ్చు. కానీ బ్యాలెన్స్ తప్పిందంటే టెస్టింగ్‌ల పట్టుకోలేదనే అర్థం. తమ్ముని ఉద్యోగం పోయినట్టే. చెప్తే నాది పోతది. దాని మీద మిగిలిన రెండు పంపులల్ల కూడ మూటలున్నయి. ఏ కారణం చెప్పకుంట వాటిని ఎట్ల ఇప్పాలె?

మధ్యాహ్నం తిండి టైముకు పెద్దాయన తన బండి ఎక్కుమన్నడు. ఊరి దిక్కు పోయి ఒక గుట్ట కింద ఆపిండు. నల్లటి గుట్ట. మా లక్డారం క్వారీ రాయి కంటె నలుపు. పైన తెల్ల రాళ్లతోని పెద్ద ఇంగ్లీషు 'ఏ' అక్షరం పేర్చి ఉన్నది, కాలేజీ పిల్లలు ఎన్నడో పేర్చిండ్రంట. "ఇప్పుడందరు 'ఏ' గుట్ట అంటరు. మేము వేరే అంటం" అని చెప్పిండు. ఆ మాట రెండుసార్లు పలికిండు, నేను కూడ పలికేదాక. చుక్ షోన్. నల్లగుట్ట అడుగు అని అర్థమంట. టూసాన్ అన్న ఊరి పేరు గదేనంట.

ఆయన చెప్పిందంత నా మాటల్ల చెప్తున్న. ఆ గుట్ట కింద ఒకప్పుడు నది పారేదంట. నీళ్లు ఊరేవి కాబట్టి మనుషులు ఆడ ఉన్నరంట. ఎన్ని వేల ఏండ్ల సంగతో, కాలువలు తవ్వి మక్కలు, చిక్కుళ్లు పండిచ్చుకున్నరంట. అటెనుక దక్షిణం దిక్కు నుంచి స్పెయినోళ్లు వచ్చిండ్రు, చర్చి కట్టిండ్రు, మట్టి గోడలతోని కోట కట్టిండ్రు. కోటకు వాళ్ల పుణ్యపురుషుని పేరు పెట్టుకున్నరు, కానీ పక్కన ఈ పాత పేరు కూడ వాళ్ల రాతల రాసుకున్నరు. అటెనుక మెక్సికో జెండా, ఇంకొన్ని ఏండ్లకు అమెరికా ఆ నేలను కొనుక్కున్నది. రైలొచ్చింది, రాగి గనులొచ్చినయి. జెండా మారినప్పుడల్ల పేరు ఇంకొంచెం అరిగింది. కానీ ఎవ్వరు తీసెయ్యలె. "ఇప్పుడు లక్షల మంది రోజు పలుకుతరు. అది నీళ్లున్న జాగ చెప్తున్నదని వాళ్లకు తెల్వదు" అన్నడు.

నేను చుట్టూ చూసిన. నది జాగల ఇసుక ఉన్నది. "నీళ్లేవి?" అని అడిగిన.

"తోడినం" అన్నడు. "గనులకు తోడిండ్రు, ఇండ్లకు తోడిండ్రు, తోటలకు తోడిండ్రు. తోడిన పంపులు నడిపింది నేను. నలభై ఏండ్లు. మా తాతల నదిని ఎండబెట్టినోళ్లల్ల నేను కూడ ఉన్న. నా మనవలు అడిగితే గిదే చెప్త. వేరేటోళ్లు చెప్పేదానికంటె నేను చెప్పుడే మంచిది గద."

ఆ మాట అనుకుంట ఆయన ముఖంల ఏడుపు లేదు, డాంబికం లేదు. పానా సైజు చెప్పినట్టే చెప్పిండు. అటెనుక నన్ను అడిగిండు, "మీ ఊరి పేరుకు ఏం అర్థం?" అని. లక్డారం పేరు ఎట్లొచ్చిందో నాకు తెల్వదు. పటాన్‌చెరుకు ఒకలు ఒకటి చెప్తరు, ఇంకొకలు ఇంకొకటి చెప్తరు. యాభై ఏండ్లు ఆ మట్టి మీదనే తిరిగిన, ఒక్కనాడన్న అడిగిననా? సిగ్గయ్యింది. "తెల్వది" అన్న. "పోయినంక అడుగు" అన్నడు. అప్పుడు నా జేబు దిక్కు చూసిండు. "అది ఏంది?"

జేబుల నుంచి తీసి బండి బానెట్ మీద పెట్టిన. ఒడిబియ్యం అంటే ఏందో ఫ్యాక్టరీ ఇంగ్లీషుల చెప్పుడు ఎంత కష్టమో మీరు చెప్పి చూడండ్రి. డాటర్ అన్న, మదర్స్ హౌస్ అన్న, రైస్ అన్న, చేతులతోని ఒడి చూపెట్టిన. తమ్ముని సంగతి చెప్పిన, మెమో సంగతి చెప్పిన. చెప్పుకుంట చెప్పుకుంట నాకు ఏడుపొచ్చింది. పెద్దాయన అంత ఇన్నడు. "ఇంజనీరుకు నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?" అన్నడు. నేనే చెప్త అన్న.

ఇంజనీరమ్మ ముంగట ఆ చితికిన మూట పెట్టి, "ఇది పెట్టింది నేను, మేడమ్. మా టెస్టింగ్ మనిషి తప్పు లేదు. మిగిలిన రెండిట్ల కూడ ఉన్నయి" అన్న. ఆమె ముఖం ఎర్రగైంది. "నువ్వు చెప్పకపోతే ఆ రెండు కూడ నేను ఇట్లనే పాడు చేసుకునేదాన్ని గద?" అన్నది. బియ్యం, కొబ్బరి చెప్పకుంట ఆ దేశంలకు పంపుడు పెద్ద తప్పంట, పంటలకు పురుగు పడుతదని వాళ్ల భయం. "రాయాల్సింది నేను రాస్త" అన్నది, రాసింది. మర్నాడు మిగిలిన రెండు పంపులు కూడ ఇప్పినం, ఒక ఆఫీసర్ వచ్చి మూడు మూటలు సంచులల్ల పెట్టి సీలేసి తీసుకపోయిండు. ఆమెను నేను తప్పు పట్ట. కానీ అదే రిపోర్టుల కింద ఇంకొక లైన్ రాసింది, పంపు తయారీల, పరీక్షల లోపం ఏం లేదు, తప్పు చేసిన మనిషి తనంతట తానే ఒప్పుకున్నడు అని. ఆ ఒక్క లైన్ రాయాల్నని ఆమెకేం అవసరం? ఇయ్యాల్టికి ఆమెను తలుచుకుంటే చేతులు జోడించబుద్ధైతది.

లోపలంత సాఫ్ చేసి, మూడు పంపులు మళ్ల బిగిచ్చినం. చాలు చేసే ముంగట పెద్దాయన తన టిఫిన్ డబ్బా తెచ్చిండు. అండ్ల వాళ్లోళ్లు ఆ ఎడారిలనే పండిచ్చుకునే చిన్న చిన్న గింజలు, మన అలసందల లెక్క. పిడికెడు తీసి నా చేతుల పోసిండు. "ఇవి ఈడివే, ఏ ఆఫీసరు ఏమనడు" అన్నడు. "కానీ బయట పెట్టు" అని నవ్విండు. సిమెంటు దిమ్మె మీద, పంపు కాళ్ల కాడ పోసిన. స్విచ్చేసినం. ఒక్క వణుకు లేదు. ఉస్తాద్ లెక్క బేరింగ్ మీద అరచెయ్యి పెట్టి చూసిన, చల్లగున్నది. పెద్దాయన కూడ తన చెయ్యి పక్కన పెట్టిండు.

తిరిగొచ్చినంక మేనేజర్ సారు అరగంట తిట్టిండు. తిట్టాల్సిందే. నా ప్రమోషన్ కాగితం తయారుగ ఉండె, అది చింపిండు. ఉద్యోగం మాత్రం తియ్యలె. మిగిలిన పన్నెండు పంపుల ఆర్డర్ ఆగలేదు కాబట్టి తియ్యలేదని ఆయనే చెప్పిండు. తమ్ముని మెమో వాపస్ తీసుకున్నరు. నేను ఉరుక్కుంట టెస్టింగ్‌లకు పోయి టార్చిలైటు వాపస్ ఇచ్చి ఆ సంగతి చెప్తే, ఆయన సంతోషపడుతడనుకున్న. ముఖం తిప్పుకున్నడు.

"అన్నా, ఆ మెమో ఉత్తగనే ఇచ్చిండ్రా? లోపల చూడకుంట సంతకం పెట్టిన్నా లేదా? నువ్వు చెప్పినవని పెట్టిన. నీ తప్పు నువ్వు చెప్పుకొని పెద్ద మనిషివైనవ్. నా తప్పు నేనెవరికి చెప్పుకోవాలె?" అన్నడు. మర్నాడు మేనేజర్ సారు దగ్గరికి పోయి చెప్పనే చెప్పిండు. ఆ సారు నెత్తి పట్టుకున్నడంట, "మీ ఇద్దరినీ ఒకే పంపులో పెట్టి బిగించాలి" అని. నాతోని నెల రోజులు మాట్లాడలె. ఒకటే బల్ల మీద కూర్చునేటోడు, టిఫిన్ డబ్బా మాత్రం అటు తిప్పి పెట్టుకునేటోడు. ఆ నెల రోజులు నాకు అన్నం సహించలె.

గా దినాలల్లనే ఒక ఆదివారం చిట్కుల్ పోయి ఉస్తాద్‌ను చూసిన. అప్పటికి మంచంల ఉన్నడు, కానీ మాట గట్టిగనే ఉన్నది. అంత చెప్పిన. పానా ఉంటే ఇసిరేటోడే. "ఒడిబియ్యం ఒడిల పోస్తర్రా, గొంతుల పోస్తరా?" అన్నడు. అటెనుక గిట్ల అడిగిండు. "ఇంతకు మన బిడ్డను ఏ ఊరికి ఇచ్చినట్టు?"

"నల్లగుట్ట అడుగుకు, ఉస్తాద్. ఆ ఊరి పేరే గది."

"నీళ్లున్నయా ఆడ?" బిడ్డను ఇచ్చే ముంగట ప్రతి తండ్రి అడిగే మాట.

"ఉండె, ఉస్తాద్. అందుకే ఆ జాగల ఊరైంది. ఇప్పుడు భూమిల నుంచి తోడుతున్నరు. తోడేది మన పంపులే."

ఆయన కండ్లు మూసుకున్నడు. "మన దిక్కు కూడ గంతే గద" అన్నడు. నిజమే. మా ఊర్ల బాయిలు ఎండింది నా కండ్ల ముంగటనే. బోర్ల మీద బిగిచ్చిన పంపులు ఎన్ని నా చేతుల నుంచి పోయినయో. ఆ రోజు దాక నేను పంపు చేసుడంటే నీళ్లు ఇచ్చుడనే అనుకున్న. నా పని మీద నాకు గౌరవం పోలేదు, కానీ ఆ పెద్దాయన చెప్పినట్టు, ఎవరన్న అడిగితే రెండు దిక్కుల సంగతి చెప్పుడు నేర్చుకున్న.

పన్నెండు పంపులు తయారైన రోజు తమ్ముడు టార్చిలైటు పట్టుకొని వచ్చిండు. నెల తర్వాత మొదటిసారి, "అన్నా, నువ్వు మూత పట్టు, నేను చూస్త" అన్నడు. పన్నెండిట్ల చూసిండు, ఒక్కొక్కదాంట్ల అయిదు నిమిషాలు. అటెనుక నా దిక్కు చూసి, "బిడ్డల సాగనంపుడు ఎట్ల మరి?" అన్నడు. అప్పటి నుంచి పద్ధతి మార్చినం. పంపు ముంగట చాప పరిచి, ఒడిబియ్యం దాని ముందర పోసి, లారీ కదలంగనే ఎత్తుకొని క్యాంటీన్‌ల ఇచ్చేటోళ్లం. ఒడిబియ్యం వండి అందరం కలిసి తినుడు మన ఆచారమే గద. బిహార్ పిల్లలు, ఒడిశా పిల్లలు, చర్చి తమ్ముడు, అందరం తినేటోళ్లం. ఆ పిల్లలు "ఆజ్ బేటీ కీ బిదాయీ హై క్యా?" అని, ఇయ్యాల బిడ్డ సాగనంపుడా అని, అడిగి మరీ ప్లేట్లు పట్టుకొని నిలబడేటోళ్లు.

ఇంకో నాలుగేండ్లకు నేను రిటైరైన. ఆ రోజు శాలువా కప్పిండ్రు, గడియారం ఇచ్చిండ్రు, మేనేజర్ సారు నా గురించి మంచిగ మాట్లాడిండు. అమెరికా సంగతి మాత్రం ఎత్తలె, ఆయన పుణ్యం. అంత అయిపోయినంక నా టిఫిన్ సంచి భుజానికేసుకొని గేటు దిక్కు నడుస్తున్న. తమ్ముడు ఎనుక నుంచి ఉరికొచ్చి, "అన్నా, ఆగు, నీ టెస్టింగ్ కాలేదు" అన్నడు. నా సంచి గుంజుకొని మూతి ఇప్పిండు. జేబుల నుంచి పసుపు బియ్యం పొట్లం తీసిండు. ఇరవై ఏండ్లు మా ఆచారానికి దూరం నిలబడ్డ మనిషి, పిడికెడు పిడికెడు లెక్కబెట్టుకుంట ఐదు పిడికిళ్లు నా సంచిల పోసిండు. ఒక కుడుక పెట్టిండు. "ఇట్లనేనా అన్నా? తప్పైతే చెప్పు" అన్నడు. సక్కగనే ఉన్నదని తల ఊపిన.

అప్పుడు అదే టార్చిలైటు తీసి సంచి లోపలికి కొట్టి, మూల మూలకు చూసిండు. చానా సేపు చూసిండు. గేటు కాడ సెక్యూరిటీ ఆయన బయటికి పోయే చిట్టి పట్టుకొని నిలబడ్డడు. తమ్ముడు అది తీసుకొని, గోడకానిచ్చి సంతకం పెట్టి, నా చేతుల పెట్టిండు.

"చూసిన అన్నా. నా కండ్లతోని చూసిన. లోపలంత సాఫ్‌గ ఉంది. ఇగ పో" అన్నడు.